పది గంటల ఫోను

ఆ వానాకాలం మా ఇంట్లో రోజూ చేయవలసిన పనులు ఇవి. తెల్లారకముందే కొట్టం కడిగి పేడ ఎత్తాలి. బర్రెలకు కుడితి పెట్టి పాలు పిండాలి. షాలిబండ హోటలుకు ఒక క్యాను, గల్లీలో వాడిక ఇళ్లకు మిగతావి పోసి రావాలి. బాపు లేచి దొడ్డికి పోయొచ్చాక, చాయ్ తాగకముందే, ఆయన్ని తూకం మిషను మీద నిలబెట్టాలి. చేతికి పట్టీ చుట్టి బీపీ చూడాలి. గోలీలు వేయాలి, వాటిలో తెల్లది ఒంట్లో నీరు తీసే గోలీ, దాన్ని అసలు మరవకూడదు. కూరలో ఉప్పు వేయకూడదు. దూప అన్నా కూడా చెంబెడు నీళ్లు ఇవ్వకూడదు. పది గంటలకు ఫోను మోగితే ఎత్తి, అడిగినదానికి జవాబు చెప్పాలి.

పశువుల పనులు మా ఇంట్లో తాతల కాలం నుంచి ఉన్నవే. బాపు పనులు రెండు వేల అయిదో సంవత్సరం ఎండాకాలం చివర్లో వచ్చి చేరాయి.

మా బాపు పేరు మైసయ్య. లాల్‌దర్వాజ వెనక గల్లీలో మా ఇల్లు, ఇంటి వెనకే కొట్టం. ఆ మే నెలలో పాలు పిండుతూ పిండుతూ బకెట్ మీదికి ఒరిగిపోయాడు. మూసీ అవతల పెద్ద దవాఖానలో చేర్పిస్తే ప్రాణం దక్కింది. గుండె సగమే పనిచేస్తున్నదనీ, వారం వారం తెచ్చి చూపించాలనీ డాక్టరు కృష్ణప్రసాద్ గారు చెప్పారు.

"వారం వారం నేను గీడికొస్తే నా బర్రెలను మీరు పిండుతరా సార్?" అన్నాడు బాపు.

డాక్టరు నవ్వాడు. ఆ దవాఖానలో అప్పుడే ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టారట. రోగి ఇంట్లోనే ఉంటాడు. బరువు, బీపీ ఇంట్లోవాళ్లు చూసి ఫోనులో చెప్తే అక్కడ నర్సు రాసుకుంటుంది, డాక్టరు చూస్తాడు. గుండె చప్పుడు పంపడానికి అరచేతిలో పట్టేంత ఒక డబ్బా ఇస్తారు. దాన్ని రొమ్ముకు ఆనించి, పక్కన ఫోను పెడితే చాలు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. అన్నిటికీ నన్నే నమ్ముకున్నారు కాబట్టి కాగితాలు రెండుసార్లు చదివి సంతకం పెట్టాను.

మిషను వచ్చిన రోజు బాపు దాని మీద ఒక కాలు పెట్టి దిగిపోయాడు.

"రాంచందర్, గిదేందిరా? నన్ను మేకలెక్క జోకుతరా?"

"రోజు జోకాల్నట బాపూ. డాక్టరు చెప్పిండు."

"జోకి ఏం జేస్తరు? కిలో ఎంతకు అమ్ముతరు?"

"నిన్నెవడు కొంటడు, అన్ని బొక్కలే ఉన్నయి, కండ యాడుంది," అంది అమ్మ. బాపు నవ్వుకుంటూ ఎక్కి నిలబడ్డాడు. సూది యాభై నాలుగు దగ్గర ఆగింది. ఒకప్పుడు దున్నపోతు కొమ్ములు పట్టి నిలబెట్టిన మనిషి. అమ్మ ఆ సూదిని చూసి లోపలికి వెళ్లిపోయింది.

మొదటి ఫోను వచ్చినప్పుడు నేను పాఠాలు చెప్పే బడికి ఇంకా సెలవులే. అమ్మ ఎత్తింది. ఫోనులో గొంతు గట్టిగా, స్పష్టంగా ఉంది, దూరంగా నిలబడ్డ నాకు కూడా వినపడింది.

"నమస్తే అమ్మగారూ, ఆస్పత్రి నుంచి హరిప్రియనండీ. మైసయ్యగారు ఎలా ఉన్నారండీ?"

అమ్మ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగింది. "మీ బాపును గారు అంటున్నదిరా! ఆంధ్రా పిల్ల ఉన్నట్టుంది." మళ్లీ ఫోనులో, "మంచిగున్నడు బిడ్డా, మీ దయ," అంది.

"కాళ్ల వాపు ఏమైనా ఉందాండీ?"

"ఎప్పటి లెక్కనే ఉన్నయి బిడ్డా. పొద్దుగాల లేస్తే తడిల నిలబడే కాళ్లు."

"బరువు పెరిగితే మాత్రం ఆ రోజే చెప్పాలండీ. ఒక్క కిలో పెరిగినా సరే."

"అట్లనే."

ఫోను పెట్టేసి అమ్మ నా దగ్గరికి వచ్చింది.

"పెరిగితే ఎందుకు చెప్పాల్నటరా?"

"పెరగొద్దమ్మా. ఒంట్ల నీరు చేరితే పెరుగుతదట."

"నీరు చేరుతదా? గాయన ఏమన్నా బాయా? ఉప్పులేని కూర, కొలిచి పోసే నీళ్లు. పెరిగితే తిన్నది ఒంటికి పట్టిందని లెక్క. గా పిల్లకు పెండ్లి కూడ అయ్యిందో లేదో, దానికేం ఎరుక!"

కాగితంలో రాసింది చదివి వినిపించాను. తల ఊపింది. అమ్మకు చదువు రాదు గాని అంకెలన్నీ వచ్చు. పొద్దున నేను పాలు పోయడానికి పోయే వేళకే బాపును జోకేది కాబట్టి ఆ పని ఆమెదే అయింది. బడి తెరిచాక నేను ఎనిమిదింటికే మలక్‌పేట బస్సు ఎక్కేవాణ్ణి. పది గంటల ఫోను కూడా ఆమెదే.

హరిప్రియతో అమ్మకు దోస్తీ కుదిరింది. ఆ పిల్ల ఊరు, అమ్మానాన్నలు, హాస్టల్‌లో తిండి, అన్నీ కనుక్కుంది. "నన్ను గూడ అండి అంటది, నేనేమన్న పంతులమ్మనా!" అని గల్లీలో చెప్పుకునేది. గుండె డబ్బా మోగే రోజు పక్కింటి వరమ్మ, ఇంకో ఇద్దరు వచ్చి గుమ్మంలో కూర్చునేవాళ్లు. బాపు అంగీ విప్పి, డబ్బా రొమ్ముకు ఆనించుకుని, పెళ్లికొడుకులా తల వంచుకుని కూర్చునేవాడు. డబ్బా కుయ్యి కుయ్యిమని పిట్టలాగా కూసేది.

"మైసన్న గుండెల పిట్ట జొచ్చింది," అనేది వరమ్మ.

"పిట్టనా, గద్దనా, గా పిల్లనే చెప్పాలె," అనేవాడు బాపు.

ఒక ఆదివారం పొద్దున వరమ్మ కొట్టం దగ్గరికి వచ్చింది. అమ్మ మా బర్రె గంగ కింద నుంచి లేచి, పాల బకెట్ మీద వెంటనే తువాల కప్పింది.

"గంగ మస్తు ఇస్తున్నట్టుంది కదా ఎల్లమ్మక్కా. ఎన్ని లీటర్లు?"

"ఏం ఇస్తుంది! తాపకు నాలుగిచ్చుడే కష్టం."

గంగ పూటకు ఆరు లీటర్లు ఇచ్చేది. ఇది అబద్ధం అని మా ఇంట్లో ఎవరూ అనుకోరు. పాడి ఉన్న ఏ ఇంట్లోనైనా అంతే. ఇచ్చే పాలు, పెరిగిన దూడ, కడుపుతో ఉన్న కోడలు, ఒళ్లు చేసిన పిల్లాడు, ఇవేవీ ఉన్నది ఉన్నట్టు నోటితో అనకూడదు. అంటే తగులుతుంది. పరాయి దిష్టి కంటే ఇంటివాళ్ల దిష్టి ఇంకా చెడ్డదంటారు. మా నాయనమ్మ ఎంతమంది పిల్లల్ని కన్నదో అడిగితే ఒకరిని తగ్గించి చెప్పేది.

బాపు అప్పుడే అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. వరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"మైసన్న జర ఒళ్లు చేసిండు. మొఖం నిండింది."

"యాడ జేసిండు?" అమ్మ గొంతు కరుకుగా వచ్చింది. "అంగీల ఇంకో మనిషి పడతడు. చూడు, నువ్వే చూడు."

ఆ పొద్దు గుంకగానే దొడ్డు ఉప్పు, ఎండు మిరపకాయలు పిడికిట పట్టి బాపు చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. దిష్టి గట్టిగా ఉంటే ఘాటు రాదంటారు. "చూసినవా," అంది నాతో.

వరమ్మ అన్నది నిజమే. బాపు నిండుగా కనిపిస్తున్నాడు. బొజ్జ కూడా కొంచెం వచ్చింది. హోటలు సేటు నన్ను ఆపి, "తుమారే బాపు కీ సెహత్ బన్ గయీ, మాషా అల్లా," అన్నాడు, మీ బాపు ఒళ్లు బాగుపడిందని. మాకు ధైర్యం వచ్చింది. సాయంత్రం బడి నుంచి రాగానే అడిగేవాణ్ణి.

"ఇయ్యాల ఎంతమ్మా?"

"గంతే. యాభై నాలుగు."

అయితే బాపు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడని నేను ఆలస్యంగా గమనించాను. అడిగితే, "వానకు ఇల్లంత చెమ్మ, పండుకుంటే రొమ్ము పట్టేస్తుంది," అన్నాడు. మరునాడు హరిప్రియకు చెప్పమని అమ్మకు చెప్పాను. చెప్పిందట. సాయంత్రం బడి పక్కన ఎస్టీడీ బూత్ నుంచి నేను కూడా ఫోను చేశాను.

"డాక్టరుగారికి చూపించానండీ," అంది హరిప్రియ. "బరువు ఏమాత్రం పెరగలేదు. గుండె రికార్డింగూ అలాగే ఉంది. బరువు పెరగలేదంటే నీరు లేదనే అర్థమండీ. వర్షాలకు జలుబు చేసి ఉంటుందన్నారు. అయినా ఒకసారి చూస్తానన్నారు, మీ బోనాలు అయిపోయాక మంగళవారం తీసుకురండి."

లెక్కలు చెప్పేవాణ్ణి. అంకె మారలేదంటే నాకూ అదే సబబుగా తోచింది.

లాల్‌దర్వాజ బోనాలు ఆదివారం అయ్యాయి. అమ్మ బోనం ఎత్తుకుని పోయి వచ్చింది. బాపు కోసం మొక్కింది కాబట్టి చెప్పులు లేకుండా, ఉపవాసంతో పోయింది. చుట్టాలు తిని పోయారు. బాపు రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు.

సోమవారం అమ్మవారి ఘటాల ఊరేగింపు. బడికి సెలవు. పొద్దెక్కేసరికి గల్లీ మొగలో డప్పులు మొదలయ్యాయి. బాపు అరుగు మీద రెండు చేతులూ నేలకు ఆనించి, ముందుకు వంగి కూర్చున్నాడు. నోటితో గాలి తీసుకుంటున్నాడు.

"ఏమైతుంది బాపూ?"

"గాలి... సాలుతలేదురా." అంతే అనగలిగాడు.

ఫోను చేద్దామని లోపలికి పోయేసరికి అదే మోగింది. పది అయింది. అమ్మ కొట్టంలో ఉంది. ఆ రోజు ఎత్తింది నేను.

"నమస్తే అమ్మగారూ, పండగ బాగా..."

"మేడం, నేను రాంచందర్‌ను. బాపుకు దమ్ము అందుతలేదు. కూసోని గూడ అందుతలేదు."

"కంగారు పడకండి. ఆయన నిలబడగలరా? ఒక్కసారి బరువు చూడండి. లైన్లోనే ఉంటాను."

మిషను ఈడ్చుకొచ్చి, చంకల కింద చేతులు వేసి బాపును లేపాను. పాదాలు మిషను మీద పెట్టించి మెల్లగా వదిలాను. గోడ పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు అమ్మ కొట్టంలోంచి వచ్చింది. మోచేతుల దాకా కుడితి. నన్ను, మిషనును, పక్కన తీసి పెట్టిన ఫోనును చూసింది.

"జోకకు బిడ్డా."

"ఎందుకు?"

"చెప్పకు. అంకె చెప్పకురా, నీకు దండం పెడ్త." నిజంగానే రెండు చేతులూ జోడించింది. వేళ్ల చివర్ల నుంచి కుడితి కారుతోంది.

నేను వంగి సూది చూశాను. బాపును కూర్చోబెట్టి ఫోను అందుకున్నాను.

"అరవై మూడు, మేడం."

బయట డప్పులు దగ్గరికి వస్తున్నాయి.

"మరోసారి చూడండి. శనివారం అమ్మగారు యాభై నాలుగు అన్నారండీ."

"అరవై మూడే."

"సరే," అంది హరిప్రియ. ఆ ఫోనులో ఆమె ఇంక అండీ, గారూ అనలేదు. "ఆ తెల్ల మాత్రలు రెండు వెంటనే వెయ్యండి. పడుకోబెట్టొద్దు. బయల్దేరండి. నేను క్యాజువాలిటీలో చెప్పి ఉంచుతాను."

అంబులెన్సుకు ఫోను చేస్తే ఊరేగింపు దాటేదాకా రాలేమన్నారు. మా గల్లీలో గఫూర్ భాయ్ ఆటో ఉంది. గల్లీ మొగలో ఇసుక వేస్తే రాలనంత జనం.

"చార్మినార్ సైడ్ పూరా బంద్ హై," అన్నాడు గఫూర్ భాయ్. "పీఛే సే నికల్‌కే చాంద్రాయణగుట్ట ఘుమాకే లేజాతుం. ఫికర్ నక్కో కరో."

చార్మినార్ దారి మూసేశారని వెనక నుంచి తిప్పి, ఆయన చేయగలిగినంత చేశాడు. చాంద్రాయణగుట్ట చుట్టి, సంతోష్‌నగర్ మీదుగా మలక్‌పేట దాకా వచ్చేసరికి బాపు పెదవులు నల్లబడ్డాయి. అమ్మ ఆయన్ని తన భుజానికి ఆనించుకుని కూర్చుంది. దారి పొడుగునా నాతో ఒకే మాట మాట్లాడింది.

"నెల సంది దాచుకుంటొచ్చిన. రోజు ఇంతింత పెరుగుతుంటే దేవుడు మనిషిని మల్ల ఇచ్చిండనుకున్న. పెరిగింది ఎవరన్న చెప్పుకుంటరా?"

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతోంది.

దవాఖానలో సూదిమందులు ఇచ్చి నీరు తీయడం మొదలుపెట్టారు. మంచం కింద వేలాడదీసిన సంచి నిండుతూనే ఉంది. వాళ్లు దాన్ని పారబోసి మళ్లీ తగిలించేవారు. మంగళవారం సాయంత్రం లోపలికి పంపితే అమ్మ, నేను మంచం దగ్గరికి వెళ్లాం. బాపు ముఖం పీక్కుపోయింది. బుగ్గలు లేవు. పొట్ట వెన్నుకు అంటుకుంది. నెల రోజుల కిందటి మనిషే మళ్లీ మంచం మీద ఉన్నాడు. ఇప్పుడు గాలి మాత్రం కొంచెం తేలిగ్గా తీసుకుంటున్నాడు. "గంగను... పిండిన్రా?" అని అడిగాడు.

"వరమ్మ పిండింది," అంది అమ్మ. బయటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. "చూసినవా, ఒక్క దినంల ఎట్ల పీల్చుకపోయిండో. నెల సంది పెరిగింది ఒక్క దినంల పాయె."

అప్పుడు మెట్ల మీద నుంచి ఒక సన్నటి పిల్ల దిగి వచ్చింది. మెడలో గుర్తింపు కార్డు. మమ్మల్ని చూసి ఆగింది.

"ఎల్లమ్మగారా?"

గొంతు విని అమ్మ లేచి నిలబడింది. ఆ పిల్ల గదవ పట్టుకుని ముఖం చూసింది. "గింతే ఉన్నవా బిడ్డా! గొంతు ఇని పెద్ద మనిషి అనుకున్న."

హరిప్రియ ఏడవకుండా ఉండడానికి ప్రయత్నిస్తోంది. "అమ్మా, అది ఒళ్లు చేయడం కాదమ్మా, అది..."

నేను ఆమెను కొంచెం పక్కకు రమ్మన్నాను. తాగునీళ్ల కుళాయి దగ్గర నిలబడ్డాం.

"అమ్మకు చెప్పొద్దు మేడం."

"తెలియాలి కదండీ. ఆయన ఇంటికి వచ్చాక మళ్లీ..."

"ఆయన ఇంటికొస్తే నేనే చెప్తా. రోజు నేనే జోకుత. ఇప్పుడైతే చెప్పకుండ్రి."

ఆమె కుళాయి వైపు చూస్తూ, "రోజూ అడిగానండీ," అంది. "ఎలా ఉన్నారు, కాళ్లు వాచాయా, ఆకలవుతుందా, అన్నీ అడిగాను. నేను విన్నాను గానీ చూడలేదు కదండీ." మళ్లీ పైకి వెళ్లిపోయింది. పైన ఫోన్లు మోగుతూ ఉంటాయట, ఇంకా చాలా ఇళ్లు ఉన్నాయట.

బాపు ఇంటికి రాలేదు. గురువారం పొద్దున గుండె లయ తప్పిందన్నారు. తిరిగి రాలేదన్నారు. డాక్టరు కృష్ణప్రసాద్ గారు నా భుజం మీద చెయ్యి వేసి, నీరు అంత ఎక్కువ చేరాక గుండెకు చాలా కష్టమనీ, రెండు వారాలు ముందు తెలిసి ఉంటే గోలీలు మార్చేవాళ్లమనీ ఇంగ్లీషులో చెప్పారు. అమ్మ మా ఇద్దరి ముఖాలూ చూస్తోంది.

"ఏమన్నడురా?"

"గుండె ఆగిందన్నడమ్మా."

దినాల నాడు చుట్టాలందరూ కూర్చున్నప్పుడు ఎవరో ఎట్లా జరిగిందని మళ్లీ అడిగారు. అమ్మ చెప్పింది. ఎంత బాగయ్యాడో, ఎట్లా దాచుకుంటూ వచ్చిందో, పండుగ మరునాడు అంకె ఎట్లా బయటపడిందో చెప్పింది. వరమ్మ నా వైపు చూసింది. అందరూ చూశారు.

"వాన్ని ఏమనకుండ్రి," అంది అమ్మ. "చదువుకున్న పోరడు. గివన్ని తెల్వదు వానికి. బాపు పాణం కాపాడాల్ననే చెప్పిండు." లేచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. "నీ తప్పేం లేదు కొడుకా. పరేషాన్ గాకు."

నోరు తెరిస్తే ఏం వస్తుందో నాకు తెలుసు. పెరిగింది నీరేనన్న మాట, మొదట్లో నమ్మనిది, ఆమె ఇప్పుడు నమ్మితే, ఇంక ఆ ఇంట్లో ఎట్లా బతుకుతుంది? "సరే అమ్మా," అన్నాను.

ఆ తర్వాత ఆమె పదహారేళ్లు బతికింది. ఒక్కనాడు కూడా నన్ను ఒక్క మాట అనలేదు. పది గంటల ఫోను ఇంకొన్నాళ్లకు ఊరంతటికీ ఆగిపోయిందని విన్నాను. హరిప్రియ ఎక్కడుందో తెలియదు. పోయిన ఏడు అమ్మ నిద్రలోనే పోయింది. అందుకే ఇప్పుడు ఇది రాయగలిగాను.

మిమ్మల్ని ఒక్కటి కోరాలి. ఆ సోమవారం గల్లీ నిండా జనం. డప్పుల వాళ్లు, రంగు కాగితాల తొట్టెలు మోసేవాళ్లు, మిద్దెల మీద నుంచి చూసేవాళ్లు. బాపును ఎత్తుకుని నేను ఆటో దాకా నడుస్తుంటే, అమ్మ తన కొంగు విప్పి ఆయన ముఖం మీద, రొమ్ము మీద, బొజ్జ మీద కప్పింది. జనం వైపు వీపు పెట్టి అడ్డంగా, వెనక్కి అడుగులేస్తూ నడిచింది. ఎవరో తోస్తే మోకాలు గీరుకుపోయింది, అయినా తిరగలేదు. ఆమె పేరు ఎల్లమ్మ. ఈ కథలో ఇంకేది మరిచిపోయినా, ఆమె అట్లా నడిచిందని గుర్తు పెట్టుకోండి.